అయస్కాంతానికి అంటనిది

పొద్దున్న పంజరం మీది గుడ్డ తీసేసరికి సారు లేచే ఉన్నాడు. లేచి ఉన్నాడు గానీ కూయలేదు. ఒళ్ళంతా ఉబ్బించుకుని, తల మెడలోకి దించుకుని, కొయ్య మీద ఓ మూలకి ఒదిగిపోయాడు. మేడం వాడి పక్కకి జరిగి ముక్కుతో వాడి ముక్కుని పొడిచి చూసింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

సారు, మేడం అంటే మనుషులు కారు, లవ్ బర్డ్స్. పచ్చటివాడు సారు, నీలం రంగుది మేడం. ఆ పేర్లు పెట్టింది ఇంటి పెద్దాయన, రేడియోలు బాగుచేసే మామగారు. ముందుగదిలో ఆయన బల్ల, బల్ల పక్కన కిటికీకి పంజరం. పని మొదలెట్టగానే పంజరం తలుపు తీస్తాడు. మేడం పిరికిది, గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. సారు మాత్రం బల్ల మీదకి దూకి, మెడ నిక్కించి, విప్పిన రేడియోల మధ్య పచార్లు చేస్తాడు. "సారుగారు తనిఖీకొచ్చారు, అందరూ లేచి నిలబడండి" అంటాడు పెద్దాయన, లేచి నిలబడడానికి అక్కడ ఎవరూ లేకపోయినా.

సారుకో విద్య ఉంది. రేడియోలో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి ముల్లు జరుపుతుంటే మధ్యలో కుయ్యిమని ఓ సన్నటి ఈల వస్తుంది కదా, దాన్ని అచ్చు దించేస్తాడు. రేడియో తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు "అప్పుడే బాగైపోయిందా?" అని మోసపోతుంటారు. ఆ ఈల వినబడితేనే ఇంట్లో తెల్లారినట్టు. ఆ రోజు తెల్లారలేదు.

"అమ్మాయ్" అని పిలిచాడు మామగారు. వెనక వసారాలో మిషన్ తొక్కుతున్న కోడలు కాలు ఆపింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ పిలుపులో ఏముందో ఆవిడకి తెలుసు. వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"నిన్న సాయంత్రం ఏం వేయించావు?"

"బంగాళాదుంపలు, మామయ్యా."

"నేను చెబుతూనే ఉన్నాను. నూనె కాగితే పొగ వస్తుంది. పొగొస్తే అది ఈ గదిలోకే వస్తుంది. మనకే దగ్గొస్తుంటే పిడికెడు ప్రాణం, అదెంత?"

పెద్దాయన చెడ్డవాడు కాదు. కోడలు కాఫీ ఇస్తే తాగి గ్లాసు తనే కడుక్కుంటాడు. కానీ ఈ పిట్టలొచ్చినప్పటినుంచి వంటింటి మీద ఓ కన్ను వేసి ఉంచాడు. మూకుడు పెట్టాలంటే ముందు వచ్చి చెప్పాలి. చెబితే ఆయన మధ్య తలుపు వేస్తాడు, సందుల్లో గుడ్డ కుక్కుతాడు, కిటికీ తెరుస్తాడు. ఇంత తతంగం పడలేక ఆవిడ వారంలో సగం రోజులు ఉడకబెట్టినవే పెట్టేది. నిన్న మొగుడు అడిగాడని వేయించింది. చెప్పే వేయించింది. అయినా మాట పడింది.

"డాక్టరుకి చూపిద్దాం మామయ్యా. పిట్టల డాక్టరుందిట, బస్సులో వెళ్ళిపోవచ్చు."

ఆయన సారు వైపే చూస్తున్నాడు. "పంజరం అలాగే తీసుకెళ్ళకు. అంతా కంపు. చూసినవాళ్ళు ఏం కొంపరా ఇది అనుకుంటారు."

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. పెరట్లో కుళాయి కింద పంజరం పెట్టి తోమింది. పిట్టలు రెండూ అట్టపెట్టెలో ఉన్నాయి. పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో ఊచ ఊచకీ రుద్దింది. అడుగున పరిచిన కాగితం మీద ఆకుపచ్చగా, నీళ్ళనీళ్ళగా రెట్టలున్నాయి. ఆవిడకి ఛీ అనిపించింది, ఎవరైనా చూస్తే తల కొట్టేసినట్టుంటుంది అనుకుంది. ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసి, కొత్త కాగితం పరిచింది. గింజల గిన్నె కూడా మెరిసేలా తోమింది. పెద్దాయన వచ్చి చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే లెక్క.

*

ఆస్పత్రిలో బెంచీల నిండా కుక్కలు, ఓ బుట్టలో పిల్లి. పిల్లిని చూడగానే పెద్దాయన పంజరాన్ని తన పొట్టకి అదుముకుని అటు తిరిగి కూర్చున్నాడు. కోడలు నిలబడింది.

డాక్టరు నడివయసు మనిషి. పంజరాన్ని బల్ల మీద పెట్టించి, దూరంగా కూర్చుని కాసేపు ఊరికే చూసింది. అప్పుడేం జరిగిందంటే, పొద్దుట్నుంచి ముద్దలా పడున్న సారు ఒక్కసారి ఒళ్ళు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. మెడ నిక్కించాడు. కొయ్య మీద రెండడుగులు వేసి, కుయ్యిమని తన విద్య కూడా చూపించాడు.

పెద్దాయన మొహం విప్పారింది. "చూశారా? చూశారా డాక్టరమ్మా?"

డాక్టరు నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "పిట్టలు అంతేనండీ. కొత్తవాళ్ళ ముందు నలతగా ఉన్నట్టు కనబడనివ్వవు. కనబడిందా, పిల్లి ముందు దాన్నే పట్టుకుంటుంది. అందుకే ఎంత బాధైనా దాచుకుంటాయి. నేను వీడి మాట నమ్మను. రెట్ట చూడాలి." పంజరం అడుగు బయటికి లాగింది. తెల్లటి కాగితం. "అయ్యో, ఇంత శుభ్రంగా తెచ్చారేంటండీ? నాక్కావలసిందే పారేశారు."

కోడలి చెవులు వేడెక్కాయి.

"పర్లేదు. రేపు పొద్దున్న కాగితం తీయకుండా అలాగే తెండి." సారుని మెత్తటి గుడ్డలో చుట్టి తూచింది. రొమ్ము ఎముక తడిమి, "కాస్త తగ్గాడు" అంది. "ఇంట్లో బయట వదులుతారా? ఏమైనా కొరుకుతాడా?"

"నా బల్ల మీద తిరుగుతాడంతే" అన్నాడు పెద్దాయన. "రేడియోల పని. వదిలే ముందు బల్లంతా అయస్కాంతం తిప్పేస్తాను. స్క్రూ ముక్క, తీగ ముక్క ఏదీ మిగలదు. గొంతులో పడితే ఏమన్నా ఉందా!"

"మంచి జాగ్రత్తే. పొగా అదీ పడదు వీటికి. సిగరెట్టు, సెంటు, వంటింటి పొగ. అవి దగ్గరికి రానీకండి."

పెద్దాయన తల తిప్పి కోడలి వైపు చూశాడు. కోర్టులో తీర్పు చదివాక గెలిచినవాడు చూసే చూపు అది. ఆవిడ డాక్టరిచ్చిన మందు సీసా తీసుకుని సంచిలో వేసుకుంది.

దారి పొడుగునా ఆయన ఆ మాటే అన్నాడు. ఇంటి గుమ్మం ఎక్కకముందే ప్రహరీ మీంచి పక్కింటి టీచరమ్మ పలకరించింది, "ఎలా ఉన్నాడండీ మీ సారు?" అని.

"వంటింటి పొగటమ్మా. డాక్టరే చెప్పింది. మనింట్లో చెబితే వినేదెవరు?"

టీచరమ్మ కోడలి వైపు జాలిగానో తప్పుపడుతూనో, ఏదో ఒకలా చూసింది. ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. ముగ్గురూ రొట్టె, అరటిపళ్ళు తిన్నారు. ప్రెస్సులో పని చేసొచ్చిన మొగుడు రొట్టె పాలలో ముంచుకుంటూ, "ఇదేం శిక్ష?" అని గొణిగాడు, తండ్రికి వినబడకుండా.

*

మర్నాడు సారు కొయ్య మీద లేడు. పంజరం అడుగున కాగితం మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళు పట్టు తప్పి. రెట్ట ఇంకా పచ్చగా ఉంది, గింజలు కక్కిన మరకలున్నాయి. మేడం పైనుంచి వంగి వంగి పిలుస్తోంది.

"నువ్వెళ్ళిరా" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు నిన్నటిది కాదు. "సూదులూ అవీ పొడుస్తారు. నేను చూడలేను."

మేడంని చిన్న పంజరంలోకి మార్చి కోడలు ఒక్కతే వెళ్ళింది. ఈసారి డాక్టరు కూర్చుని చూడలేదు. కాగితం చూసింది, సారుని చేతిలోకి తీసుకుంది, నేరుగా ఎక్స్‌రే గదికి నడిచింది. కాసేపటికి కోడల్ని లోపలికి పిలిచింది.

తెరమీద సారు ఎముకలు చీపురు పుల్లల్లా ఉన్నాయి. పొట్ట మధ్యలో మూడు నాలుగు చుక్కలు, తెల్లగా, కళ్ళలో గుచ్చుకునేంత తెల్లగా.

"ఇది లోహం. చూస్తే సీసంలా ఉంది" అంది డాక్టరు. "ఇసుక రేణువంత చాలు వీళ్ళకి. రేడియోల పని అన్నారుగా ఆయన, అతుకులు వేసే తీగలో ఉంటుంది సీసం."

ఆవిడకి ఆ బల్ల కళ్ళకి కట్టింది. పెద్దాయన సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటాడు. తీగ కరిగి మొన మీద మెరుస్తుంది. అతుకు వేశాక మొన మీద మిగిలినదాన్ని చేత్తో ఒక్క విదిలింపు విదిలిస్తాడు. ఎన్నేళ్ళ అలవాటో అది. ఆ విదిలింపుకి పూసలు చిమ్ముతాయి, ఆవగింజలో సగం ఉంటాయి, పాదరసంలా మెరుస్తూ బల్లంతా పడతాయి. ఆ తర్వాత అయస్కాంతం తిప్పుతాడు. స్క్రూలు, స్ప్రింగులు టకటకా అంటుకుంటాయి. పూసలు అంటుకోవు. ఆయన ముందు వాటిని బ్రష్షుతో ఊడ్చేవాడు, ఇప్పుడు ఆయన కళ్ళకి అవి ఆనడం లేదు. ఆనడం లేదని ఒప్పుకునే మనిషి కాదు. సారు ముక్కుతో బల్ల మీద టిక్కు టిక్కుమని ఏరుతుంటే, "సారు పని నేర్చుకుంటున్నాడు" అని మురిసిపోయేవాడు. ఆవిడ కూడా నవ్వింది ఎన్నోసార్లు.

"బతుకుతాడా?"

"సూది వేస్తాను. కాస్త ఆలస్యమైంది. నిన్న ఆ కాగితం గనక చూసుంటే..." డాక్టరు ఆగిపోయి, "ఏమోలెండి, చెప్పలేం" అంది.

సూది వేసి, బల్బు వెలుగుతున్న పెట్టెలో వెచ్చగా పడుకోబెట్టారు. ఆవిడ పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంది. సారు గుడ్డ మీద ఒక పక్కకి ఒరిగి ఊపిరి తీస్తున్నాడు, తోక పైకీ కిందకీ ఊగుతోంది. ఆవిడని కొత్త మనిషి అనుకోలేదు కాబోలు, ఇక దాచుకోలేదు. బయట కుక్కలు మొరుగుతున్నాయి. మధ్యాహ్నం దాటాక తోక ఆగింది. డాక్టరు వచ్చి రెండు వేళ్ళతో తాకి చూసి, "సారీ అమ్మా" అంది.

బస్సులో ఖాళీ పంజరం కాళ్ళ దగ్గర, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కసీటావిడ "చెప్పులా?" అనడిగితే తల ఊపింది. పెట్టెకి అసలు బరువే లేదు. చెప్పేయాలి, వెళ్ళగానే చెప్పేయాలి అనుకుంది. నా పొగ కాదు మామయ్యా, మీ విదిలింపు. ఆ మాట అనుకోగానే పెరట్లో తను రుద్దిన బ్రష్షు గుర్తొచ్చింది, చెత్తబుట్టలో పడేసిన ఉండ గుర్తొచ్చింది.

*

పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు. పెట్టె చూశాడు. తీసుకుని లోపలికెళ్ళి, బల్ల మీద పెట్టి మూత తీశాడు. బొటనవేలితో సారు తల మీది ఈకలు ఒకవైపుకి సవరించాడు. మేడం ఆ పక్కనుంచి పిలిచింది. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఈ ఇంటికొచ్చాక ఆవిడ ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. చప్పుడు లేదు, కళ్ళజోడు కిందనుంచి నీళ్ళు పెట్టె మీద పడుతున్నాయి.

"మామయ్యా..."

"మాట్లాడకు" అన్నాడు. "చెబితే విన్నావా? ఒక్కరోజు నాలిక కట్టుకోలేకపోయారు మొగుడూ పెళ్ళాలు. నీ మూకుడు మింగేసింది వాణ్ణి."

నోటిదాకా వచ్చిన మాట ఆవిడ మింగేసింది. ఆ భుజాలు చూసి మింగేసింది. చెబితే అవి ఇక నిలబడవనిపించింది.

ప్రహరీ పక్కన పూలకుండీలో మట్టి తవ్వి పూడ్చాడు. టీచరమ్మ అటువైపు నుంచి చూసి, "పొగేనా?" అంది. "ఇంకేముంటుంది" అన్నాడు. కోడలు చెంబుతో నీళ్ళు పట్టుకుని అక్కడే ఉంది, ఆయన చేతులు కడుక్కోవడానికి.

సాయంత్రం మొగుడికి చెప్పింది, అంతా. అతను చొక్కా గుండీలు విప్పుతూ విని, మంచం మీద కూలబడ్డాడు.

"చెప్పకు. నాన్న తట్టుకోలేడు. రెండు మాటలంటే అంటాడు, పడు. నీకు అలవాటేగా."

అలవాటేగా. అతను చెడుగా అనలేదు, పాపం. అందుకే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. నవ్వొచ్చినట్టు కూడా అయింది. అటు తిరిగి పడుకుంది. పక్కగదిలోంచి మేడం ఉండుండి పిలుస్తూనే ఉంది. ఒకసారి పిలిచి, జవాబు కోసం ఆగి, మళ్ళీ పిలిచేది.

*

తెల్లారాక మధ్య తలుపు వేసి ఉంది. కోడలు కాఫీ గ్లాసుతో తలుపు తోసింది.

పెద్దాయన మేడం పంజరాన్ని కిటికీ దగ్గర్నుంచి తీసి, వంటింటికి వీలైనంత దూరంగా, బల్ల మీదే పెట్టేశాడు. పంజరం తలుపు తీసి ఉంది. ఐరన్ వేడెక్కి ఉంది, ముందు ఓ రేడియో విప్పి ఉంది. ఆ పిరికిది, గుమ్మం దాటడమే ఎరగనిది, జతగాణ్ణి వెతుక్కుంటూ వచ్చిందో ఏమో, బల్ల మీద ఆయన మణికట్టు పక్కన నిలబడి ఉంది.

"చూడు" అన్నాడాయన, గొంతు తగ్గించి. రాత్రంతా లేని వెలుగు ఆ మొహంలోకి వచ్చింది. "ఇన్నాళ్ళకి నా దగ్గరికొచ్చింది. దీన్ని ఇక్కడే ఉంచుతాను. నీ పొగ దీని దాకా రాదు." అయస్కాంతాన్ని బల్ల మీద ఓ చివర్నుంచి ఇంకో చివరికి తిప్పాడు. రెండు స్క్రూలు అంటుకున్నాయి. "శుభ్రం. ఇక తిరుగు తల్లీ."

మేడం రెండడుగులు వేసి ఆగింది. తల పక్కకి వాల్చింది. కోడలివి సూదిలో దారం ఎక్కించే కళ్ళు. మేడం దేన్ని చూస్తోందో ఆవిడకి గుమ్మంలోంచే కనబడింది. గ్లాసు ఎక్కడ పెట్టిందో తెలీదు, కాఫీ ఒలికింది. మేడం వంగి ముక్కుతో పట్టుకుంది. ఆవిడ ఒక చేత్తో పిట్టని పట్టి, చిటికెనవేలి గోరు ముక్కులోకి దూర్చి లాగేసింది. మేడం కసిగా కరిచింది, వేలి మీద నెత్తురు చుక్క తేలింది.

"ఏంటది? పిచ్చా నీకు?" పెద్దాయన లేచి నిలబడ్డాడు. "దీన్ని కూడా చంపుతావా?"

ఆవిడ పిట్టని పంజరంలో పెట్టి తలుపు వేసింది. పూసని ఆయన అరచేతిలో పెట్టింది.

"అయస్కాంతం పెట్టండి మామయ్యా."

"ఏంటీ?"

"పెట్టండి."

ఆయన కళ్ళజోడు పైకెత్తి, అరచెయ్యి మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు. అయస్కాంతం దగ్గరికి తెచ్చాడు. పూస కదల్లేదు. ఇంకా దగ్గరికి, తాకేదాకా తెచ్చాడు. అంటుకోలేదు. అదేమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు, జీవితమంతా ఆ తీగ కరిగించిన మనిషి.

"వాడి పొట్టలో ఇవే ఉన్నాయి, ఎక్స్‌రేలో చూశాను" అంది. "సీసం. విషంట వీటికి."

చాలాసేపు ఆయన అరచెయ్యి మూయలేదు. ఐరన్ మొన నుంచి సన్నటి పొగ లేస్తూనే ఉంది. ఆ పొగనే చూస్తూ అన్నాడు: "నిన్ననే తెలుసా నీకు?"

"తెలుసు."

"నేనన్నవన్నీ పడుతూ నిలబడ్డావా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నాదీ ఉంది మామయ్యా. పంజరం కడిగి ఆ కాగితం పారేయకుండా ఉంటే మొన్ననే తెలిసేది."

"నువ్వు కడిగావు. కడగమన్నది ఎవరు?"

ఆయన ఐరన్ తీగ గోడలోంచి పీకేశాడు. వేళ్ళతో బల్లంతా తడుముకుంటూ వెళ్ళాడు, గుడ్డివాడు వెతికినట్టు. తగిలిన ప్రతి పూసనీ గోటితో లేపి అరచేతిలో వేసుకున్నాడు. బల్ల అంచు పగుళ్ళలో, రేడియో డబ్బాల కింద, ఎన్ని దొరికాయో. ఆవిడ సాయం చేయబోతే వద్దన్నాడు. వాటిని కాగితంలో కట్టి జేబులో వేసుకుని పెరట్లోకి నడిచాడు. ప్రహరీ దగ్గర టీచరమ్మ బట్టలు ఆరేస్తోంది.

"అమ్మా" అని పిలిచాడు. "పొగ కాదమ్మా. నేనే చంపుకున్నాను వాణ్ణి. మా కోడలి తప్పేం లేదు. మీకు అలా చెప్పాను కదా, అందుకని చెబుతున్నాను."

ఆయన కుండీ వైపు చూడకుండా లోపలికొచ్చాడు.

కాసేపటికి వంటింట్లో చప్పుడైంది. కోడలు వెళ్ళి చూస్తే, ఆయన స్టూలెక్కి కిటికీ ఊచకి పంజరం కట్టి దిగుతున్నాడు. పొయ్యికి ఎదురుగా ఉన్న కిటికీ, వంటింట్లో గాలాడేది అదొక్కటే.

"పొగ కూడా పడదంది కదా మామయ్యా డాక్టరు."

"నువ్వు వేయించేటప్పుడు వసారాలోకి తీసుకెళతాను. నేను తీసుకెళతాను." స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఆ గదిలో కూర్చున్న మనిషి కాదు, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఆ బల్ల దగ్గరికి మాత్రం వద్దు."

మేడం పిలిచింది. ఆగింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మళ్ళీ పిలిచింది. పెద్దాయన తల దించుకున్నాడు. ఆ పిలుపు మూడోసారి కూడా వచ్చేసరికి లేచి వెళ్ళి, బాగైన రేడియో ఒకటి పట్టుకొచ్చి పంజరం కింద గట్టు మీద పెట్టాడు. మీట నొక్కి ముల్లుని మెల్లగా జరిపాడు. ఎవరిదో మాట, ఎవరిదో పాట, వాటి మీంచి దాటించి రెండింటి మధ్య ఆపాడు. కుయ్యిమని సన్నటి ఈల వచ్చింది.

మేడం బిగుసుకుపోయింది. తర్వాత కొయ్య చివరికంటా జరిగి, రేడియో వైపు తల వాల్చి వింది. ఆయన ముల్లు జరిపే గుండీ మీద నుంచి వేళ్ళు తీయలేదు. తీస్తే జరిగిపోతుందన్నట్టు అలాగే పట్టుకు కూర్చున్నాడు.

కోడలు పక్కకి తిరిగి కూర తరగడం మొదలెట్టింది. మూకుడు వైపు చెయ్యి పోయి, అలవాటుగా ఆగి, ఆయన వైపు చూసింది.

"అడక్కు" అన్నాడు మామగారు, ఆవిడ వైపు తిరక్కుండానే. "ఇక నన్ను ఏదీ అడక్కమ్మా."

ఆవిడ ఆ పూట కూడా కూర ఉడకేసింది.